పెట్టె బయట తేమ

నతానియేలుకు ఆ చలికాలం ఒకటే బాధ. గిటారు పెట్టెలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్న కాసేపటికి మాట వినదు. శ్రుతి చేస్తాడు. పాట సగానికి వచ్చేసరికి శ్రుతి జారిపోతుంది. మళ్ళీ చేస్తాడు, మళ్ళీ జారుతుంది.

అతనిది నరసాపురం. గోదావరి సముద్రంలో కలిసే చోటుకి దగ్గరి ఊరు. అక్కడ డబ్బాలో ఉప్పు తడిసి ముద్దయిపోతుంది. వానాకాలంలో తలుపు తీయాలంటే భుజంతో నెట్టాలి. గిటారు కొన్నదీ, నేర్చుకున్నదీ ఆ ఊళ్ళోనే. చర్చిలో దాన్ని వాయిస్తూనే మొదటిసారి సలోమి గొంతు విన్నాడు. ఆమె పాట ఎత్తుకుంటే అతని వేళ్ళు వాటంతట అవే ఆమె వెనకాల నడిచేవి. పెళ్ళి మాట పెద్దవాళ్ళు తర్వాత మాట్లాడుకున్నారు గాని, అసలు సంబంధం అప్పుడే కుదిరిపోయిందని ఇద్దరికీ తెలుసు.

పెళ్ళయిన ఏడాదిలోపే అతనికి ఆదిలాబాద్‌లో ఒక పత్తి కొనుగోలు కేంద్రంలో ఉద్యోగం దొరికింది. చేసే పని తేమ చూడటం. రైతు తెచ్చిన పత్తి బండిలో మీటరు గుచ్చి, ముల్లు ఎక్కడ ఆగిందో చెప్పాలి. తేమ ఎక్కువుంటే ధర తగ్గుతుంది. మరీ ఎక్కువుంటే బండి వెనక్కి పోతుంది. మొదట్లో అతను మీటరు చూసి చెప్పేవాడు. కొన్నాళ్ళకి పిడికెడు పత్తి తీసి నలిపి, అంకె ముందే చెప్పి, తర్వాత మీటరు చూపించేవాడు. చాలాసార్లు సరిపోయేది. అది అతనికి గర్వంగా ఉండేది.

ఆ ఊళ్ళోనే అతనికి ఖాదర్ మాస్టారు దొరికాడు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించిన మనిషి. ఇప్పుడు తమ్ముడి హోటలు వెనక గదిలో ఒక్కడే ఉంటాడు. గోడకి అవతల హోటలు వంటిల్లు, పొద్దున్నించీ చాయ్ మరుగుతూనే ఉంటుంది. మాస్టారు తక్కువ మాట్లాడతాడు. ఏదైనా అడిగితే తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాడు. పరీక్ష పెట్టినట్టు కాదు. నిజంగానే తనకి తెలియక అడిగినట్టు.

కార్తీకం దాటగానే చలి ముదిరింది. కోస్తా నుంచి వచ్చిన సలోమి తట్టుకోలేకపోయింది. నతానియేలు ఒక కరెంటు హీటరు కొన్నాడు. తలుపులూ కిటికీలూ మూసి, గది మధ్యలో పెట్టి, దాని పక్కనే కూర్చుని వాయించుకునేవాడు.

ఒకరోజు గిటారు మెడ మీద చెయ్యి జారుస్తుంటే వేలు గీసుకుంది. చూస్తే, మెడ మీద అడ్డంగా బిగించిన సన్నటి లోహపు మెట్లు రెండు వైపులా ముళ్ళలా పొడుచుకొచ్చాయి. నిన్నటిదాకా నున్నగా ఉన్న మెడ. అతను దాన్ని చంకలో పెట్టుకుని మాస్టారు దగ్గరికి పరుగెత్తాడు.

"మెట్లు పెరిగాయి మాస్టారూ. ఆకురాయితో అరగదీసేద్దామా?"

మాస్టారు బొటనవేలితో మెడ అంచుని తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"ఇనుము పెరుగుతదా బేటా?"

నతానియేలు ఆగాడు. పెరగదు. లోహం పెరగకపోతే, తగ్గింది చెక్క. అది తట్టగానే అతనికి మిగతాదంతా అర్థమైంది. తేమ. రోజంతా తను చూసే తేమే. పత్తికి ఎక్కువైతే చేటు, గిటారుకి తక్కువైతే చేటు. తన పనిలో రోజూ చేతికి తగిలే సంగతి తన ఇంట్లోనే కనిపెట్టలేకపోయానని నవ్వొచ్చింది.

"అరగదీయకు. చెక్క మల్ల పెరిగిననాడు ఏం జేస్తవ్?" అన్నాడు మాస్టారు.

ఇక ఆ పని నాకు వదిలెయ్యండి అని చెప్పి నతానియేలు ఇంటికొచ్చాడు. సబ్బు పెట్టెకి చిల్లులు పొడిచి, అందులో తడి స్పాంజి పెట్టి, గిటారు పెట్టెలో మెడ కింద ఉంచాడు. గాలిలో తేమ చూపించే చిన్న గుండ్రటి మీటరు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించి పెట్టె లోపల అతికించాడు. మూత అంచుల్లోంచి గాలి పోకుండా సలోమి కుట్టు గుడ్డల్లోంచి ఒక పట్టీ తీసి చుట్టూ అంటించాడు. పొద్దున లేవగానే పెట్టె తెరిచి ముల్లు చూసేవాడు. పత్తి యార్డు నుంచి రాగానే చూసేవాడు. స్పాంజి ఆరితే తడిపేవాడు. కొన్నాళ్ళకి మెట్లు మళ్ళీ లోపలికి పోయాయి. మెడ నున్నబడింది. అతను యార్డులో అందరికీ చెప్పుకున్నాడు.

అంతా చేశాక ఈ కొత్త బాధ. పెట్టెలో ముల్లు ఉండవలసిన చోటే ఉంటుంది. బయటికి తీస్తే గిటారు నిలవదు.

అతని ఇంట్లో ఇంకో మార్పు కూడా జరిగింది. దాన్ని అతను బాధల లెక్కలో వేసుకోలేదు. సలోమి పాడటం మానేసింది.

గిటారు తీసి "రా" అంటే, "గొంతు బాలేదండీ" అనేది. మొదట జలుబు అనుకున్నాడు. తర్వాత ఊరు నచ్చలేదేమో అనుకున్నాడు. ఆ ఊరి చర్చివాళ్ళు క్రిస్మస్‌కి ఒక పాట పాడమని అడగడానికి ఇంటికొస్తే, ఆమె లోపలి గదిలోంచి బయటికే రాలేదు. వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, టీ తాగి, మొహాలు చూసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక సలోమి, "నేను నరసాపురం వెళ్తానండీ. వేసవి దాకా అక్కడే ఉంటాను," అంది.

"నాకు సెలవు దొరకదు. పత్తి సీజను."

"నేనొక్కదాన్నే వెళ్తాను."

అతనికి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. వెళ్ళి పెట్టె తెరిచి ముల్లు చూసుకున్నాడు.

మర్నాడు మాస్టారు దగ్గర గిటారు సంగతి ఒక్కటే చెప్పాడు. మాస్టారు వింటూ ఉన్నాడు. ఆయన గిటారు ఎప్పట్లాగే గోడకి మేకు మీద వేలాడుతోంది. పెట్టె లేదు, గుడ్డ కూడా కప్పలేదు. నతానియేలు దాన్ని అందుకుని మీటాడు. శ్రుతి ఎక్కడిదక్కడే ఉంది.

"మీ గిటారుకి పెట్టె లేదు కదా మాస్టారూ. ఇదెలా నిలుస్తోంది? చెక్క మంచిదా?"

"నాక్కూడ పెట్టె లేదు," అన్నాడు మాస్టారు.

అది ఎగతాళో జవాబో నతానియేలుకు తెలియలేదు.

"నువ్వు వాయించేటప్పుడు ఏడ కూసుంటవ్?" అని అడిగాడు మాస్టారు.

"హీటరు పక్కన."

"ఒక్కడివేనా?"

"సలోమి అక్కడే కుట్టుకుంటూ ఉంటుంది."

"ఆమె పాడుతదన్నవ్ కదా ఒకసారి."

"ఇప్పుడు పాడటం లేదు మాస్టారూ. ఊరికి వెళ్తానంటోంది." ఆ మాట అని, అతను మళ్ళీ గిటారు గురించి మొదలుపెట్టాడు. తీగలు మార్చాలా, తీగలు బిగించే బిరడాలు వదులయ్యాయా అని.

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "నాకు సమజైతలేదు. ఆదివారం వచ్చి చూస్త."

ఆదివారం మధ్యాహ్నం మాస్టారు నడుచుకుంటూ వచ్చాడు. సలోమి కుట్టు మిషను ముందు నుంచి లేచి, తలమీద కొంగు సర్దుకుని, "రండి మాస్టారండీ," అంది. గొంతు గరగరమని, అరిగిపోయినట్టు వచ్చింది. మాట అయ్యాక చిన్నగా దగ్గింది.

"పని ఆపకు బిడ్డా," అన్నాడు మాస్టారు.

ఆయన వెంటనే కూర్చోలేదు. కొత్త ఊరికి వచ్చినవాడిలా గదంతా తిరిగాడు. గోడ మీద చెయ్యి ఆన్చి చూశాడు. హీటరు ముందు అరచేతులు చాపాడు. కిటికీ కింద పెట్టిన కొబ్బరినూనె సీసా తీసి తలకిందులు చేశాడు. అడుగున మిగిలిన కాస్త నూనె మూత వైపు జారింది.

"ఇది ఎవరు రాసుకుంటరు?"

"నేనేనండి. కాళ్ళు పగులుతున్నాయి. చేతులు కూడా," అంది సలోమి. చేతులు చీర మడతల్లోకి తీసుకుంది.

ఆమె మిషను పక్కనున్న గుడ్డ తీసి మడత పెడుతుంటే అది చిటపటమంది. గుడ్డ ఆమె చేతికి అతుక్కుపోయి రాలేదు. మాస్టారు వంగి చూశాడు.

"రోజూ గిట్లనే అంటదా?"

"ఇక్కడికొచ్చాకేనండి. బీరువా ముట్టుకున్నా చురుక్కుమంటుంది. మొదట్లో భయపడ్డాను."

"భలే ఉంది," అన్నాడు మాస్టారు. తనే వెళ్ళి బీరువా తలుపు ముట్టుకుని చూశాడు. చురుక్కుమందో లేదో గాని, వేలు వెనక్కి తీసుకుని దానివైపే కాసేపు చూశాడు.

నతానియేలు ఓపిక పట్టలేకపోయాడు. "మాస్టారూ, ముందు గిటారు చూడండి," అని పెట్టె తెచ్చి మంచం మీద పెట్టి మూత తీశాడు. లోపల్నుంచి తడి చెక్క వాసన వచ్చింది. చల్లగా, వాన పడ్డాక వసారాలో వచ్చేలాంటి వాసన. సలోమి కుట్టడం ఆపి తలెత్తింది.

అతను స్పాంజి చూపించాడు. చుట్టూ అంటించిన పట్టీ చూపించాడు. గుండ్రటి మీటరు చూపించాడు. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడి ఉంది. "ఎప్పుడు చూసినా ఇక్కడే ఉంటుంది మాస్టారూ. కదలనివ్వను."

మాస్టారు గిటారుని ముట్టుకోలేదు. వేళ్ళతో మీటరుని పట్టుకుని, అతికించిన చోటు నుంచి మెల్లగా ఊడదీశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. దాన్లో చప్పుడేమీ లేదు. తర్వాత వెళ్ళి సలోమి కుట్టు మిషను మీద, దారపు ఉండల పక్కన పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"చాయ్ తాగుదామా?" అన్నాడు.

సలోమి లోపలికెళ్ళి టీ పెట్టి తెచ్చింది. మాస్టారు కప్పు అందుకుని, ఎప్పుడో ఒక పెళ్ళిలో వాన కురిసి స్పీకర్లన్నీ ఆగిపోతే, పెళ్ళికొడుకు తాతగారు లేచి ఏ మైకూ లేకుండా పాడిన సంగతి మొదలుపెట్టాడు. నతానియేలు వింటున్నాడు గాని చూపు మాత్రం మీటరు మీదికే పోతోంది. పత్తి యార్డులో అలవాటైన చూపు అది. ముల్లుని చూడకుండా ఉండలేడు.

ముల్లు కదులుతోంది. మొదట ఉన్న చోటే వణికినట్టుంది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. మధ్య గీత దాటింది. ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. గిటారు మెట్లు పొడుచుకొచ్చిన రోజుల్లో ఎంత ఉండి ఉంటుందని తను ఊహించుకున్నాడో, దాన్ని కూడా దాటి కిందికి పోయింది.

పత్తి బండిలో అంత తక్కువ చూపిస్తే మొదటి రకం అని అరిచి చెప్పేవాడు.

మాస్టారు కథ మధ్యలోనే ఆపేశాడు. ఆయన కప్పులో టీ మీద మీగడ కట్టింది. ఇప్పుడు ముగ్గురూ ముల్లునే చూస్తున్నారు.

"ఎందుకలా పడిపోతోందండీ?" అని అడిగింది సలోమి.

"గాలి," అన్నాడు నతానియేలు. "ఇక్కడ గాలి ఎండిపోయింది. హీటరు, మూసిన తలుపులు..."

"పెట్టెలో మరి?"

"పెట్టెలో తేమ ఉంది. స్పాంజి పెట్టాను కదా."

సలోమి పెట్టెవైపు చూసింది. మీటరువైపు చూసింది. గొంతు మీద చెయ్యి వేసుకుంది.

"అయితే నా గొంతు పోలేదా?"

నతానియేలు తల తిప్పి ఆమెను చూశాడు. పెదాలు పగిలి ఉన్నాయి. ముక్కు చివర ఎర్రగా కమిలి ఉంది. అవి ఆరోజు వచ్చినవి కావు.

"పోయిందనుకున్నావా?"

"పొద్దున లేస్తే మాట రాదు. ముక్కులోంచి నెత్తురు చుక్కలు పడేవి. మీరు చూడకముందే తుడిచేసేదాన్ని. మా మేనత్తకి ఇలాగే గొంతు పోయింది, మళ్ళీ రాలేదు. నాకూ అదేననుకున్నాను." ఆమె గుడ్డ అంచుని వేళ్ళతో సాఫు చేస్తూ చెప్పింది. "చర్చివాళ్ళ ముందుకొచ్చి ఈ గొంతుతో పాడలేనని చెప్పడం నావల్ల కాలేదు. ఊరెళ్ళిపోతే ఇక్కడెవరికీ తెలియదు కదా అనుకున్నాను."

"నాతో చెప్పొచ్చు కదా సలోమీ."

"చెబుదామనే రోజూ లేచి వచ్చేదాన్ని," అంది. "అప్పుడు మీరు పెట్టె చూసుకుంటూ ఉండేవారు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అందుకే అతనికి మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మాస్టారు చల్లారిన టీ మొత్తం తాగి, కప్పు కింద పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "బిడ్డా, నీ వంటింటి తలుపు ఎందుకు మూసున్నది?" అని అడిగాడు.

"ఆవిరి గదిలోకి వస్తుందనండి."

"ఓహో," అన్నాడు మాస్టారు. గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక సలోమి వెళ్ళి వంటింటి తలుపు తెరిచింది. నతానియేలు హీటరు ఆపేశాడు. కాసేపటికి చలేసి మళ్ళీ వేసి, ఈసారి తగ్గించి పెట్టాడు.

మర్నాటి నుంచి వాళ్ళిద్దరికీ అదొక ఆటలా పట్టుకుంది. ఉతికిన బట్టలు మేడ మీద కాకుండా గదిలోనే తాడు కట్టి ఆరేశారు. ముల్లు లేచింది. ఇల్లు అద్దెకిచ్చినావిడ వచ్చి చూసి, మేడ మీద ఇంత ఎండ పెట్టుకుని ఇదేం పిచ్చి అని నవ్వింది. వెడల్పాటి బేసినులో నీళ్ళు పోసి పెట్టారు. ముల్లు పెద్దగా కదల్లేదు. అన్నం ఉడుకుతున్నప్పుడు మాత్రం చకచకా పైకి ఎక్కింది. సలోమి గరిటె పట్టుకుని మీటరు ముందే నిలబడి, "పులుసు పెడితే ఇంకా ఎక్కువ లేస్తుందేమో," అంది. పులుసు పెట్టి చూశారు. లేచింది. ఒకరోజు ఉత్సాహం ఎక్కువై తడి దుప్పట్లు నాలుగు వైపులా కట్టేశారు. ఇల్లంతా ముక్కిపోయిన వాసన కొట్టి, ఇద్దరూ తుమ్ముతూ కిటికీలు తెరుచుకున్నారు.

మీటరు ఎక్కడ ఉండాలన్నది సలోమి చూసుకునేది. ఒకపూట మిషను మీద, ఒకపూట తలగడ పక్కన, ఒకసారి ఊరికే చూద్దామని బీరువా లోపల. ముల్లు ఎంత చూపిస్తుందో ముందే చెప్పమని అతన్ని అడిగేది. యార్డులో అన్నిసార్లు సరిగ్గా చెప్పేవాడు ఇంట్లో తప్పేవాడు. ఆమె చెప్పిన అంకె దగ్గరగా వచ్చేది.

"ఎలా చెప్తున్నావ్?"

"ముక్కుకి తెలుస్తుందండీ."

గొంతు ఒక్కసారిగా రాలేదు. ముందు పొద్దుటి దగ్గు తగ్గింది. నెత్తురు చుక్కలు ఆగిపోయాయి. మాటలో గరగర మాత్రం కొన్నాళ్ళు ఉండిపోయింది. చర్చివాళ్ళ ఇళ్ళకి ఇద్దరూ వెళ్ళారు. సలోమి ఆ గరగర గొంతుతోనే, ఈ ఏడు పాడలేనని, ఆరోజు బయటికి రానందుకు ఏమీ అనుకోవద్దని చెప్పింది. ఒక పెద్దావిడ ఆమె గడ్డం పట్టుకుని, "నువ్వు కోపిష్టివనుకున్నం తల్లీ," అని నవ్వి, కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నరసాపురం వెళ్ళే మాట మళ్ళీ రాలేదు. ఎవరూ అడగనూ లేదు.

గిటారు విషయంలో నతానియేలుకు ఇంకా భయమే. ఒకరోజు ధైర్యం చేసి, గిటారుని పెట్టెలోంచి తీసి, హీటరుకి దూరంగా, సలోమి మిషను పక్క గోడకి ఆనించి పెట్టి యార్డుకి వెళ్ళాడు. రోజంతా మనసు దాని మీదే ఉంది. వచ్చి మెడ తడిమి చూశాడు. నున్నగానే ఉంది. మీటి చూశాడు. ఒక తీగ కొంచెం దిగింది. సర్దాడు. మర్నాడు అది కూడా దిగలేదు.

క్రిస్మస్ వెళ్ళిన వారానికి అతను మాస్టారు దగ్గరికి వెళ్ళాడు. మాస్టారు హోటలు నుంచి తెప్పించిన బన్ను విరుచుకుని చాయ్‌లో ముంచుకుంటున్నాడు. సగం అతనికిచ్చాడు.

"అన్నీ కుదిరాయి మాస్టారూ. ఒక్క సంగతి మాత్రం తేలలేదు."

"ఏంది?"

"గిటారుకి ముల్లు ఎక్కడ ఉండాలో చాలామంది చెప్పారు. పత్తికి ఎక్కడ ఉండాలో నాకు తెలుసు. ఇంటికి ఎక్కడుండాలి? రోజుకో చోట ఉంటోంది. ఏది సరైనదో తెలియడం లేదు."

మాస్టారు ఆలోచించాడు. "నిన్న ఏమైంది ఇంట్ల?"

"నిన్న ఏముంది... సాయంత్రం సలోమి బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరుతూ ఏరుతూ పాడటం మొదలుపెట్టింది. తనకే తెలియకుండా పాడింది. నేను పక్కన కూర్చుని వాయించాను. ఒకదాని తర్వాత ఒకటి పాడుతూనే ఉంది. బియ్యం అలాగే ఉండిపోయాయి. అన్నం వండుకోవడం కూడా ఆలస్యమైంది."

"అప్పుడు ముల్లు ఏడున్నది?"

నతానియేలు చెప్పబోయి ఆగాడు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. చేట గుర్తొచ్చింది, గాజుల చెయ్యి గుర్తొచ్చింది, పై స్థాయికి వెళ్ళేముందు ఆమె ఊపిరి తీసుకున్న తీరు గుర్తొచ్చింది.

"చూడలేదు మాస్టారూ."

మాస్టారు మిగిలిన బన్ను ముక్క చాయ్‌లో ముంచాడు.

"అయితే సరిగ్గనే ఉన్నట్టు," అన్నాడు.